ముల్లు

ముప్పై ఏళ్ళుగా గుణుపురం బజార్లో
నా కొట్లో తక్కెడా నాదే, ముల్లూ నాదే.
కందిపప్పు, ఎండుమిరప, ఉప్పు
ఎవరికెంతో నేను చెప్పిందే లెక్క.

మొన్న పాణిగ్రాహి డాక్టరు
చెప్పులిప్పి మెషీనెక్కమన్నాడు.
ముల్లు తొంభై నాలుగు దాకా ఉరికి
కాసేపు ఊగి, ఆగింది.
"సాహుకారూ, ఇందులో పాతిక కేజీలు నీవి కావు,
ఎవరివో మోస్తున్నావు"
సగం ఒడియాలో, సగం తెలుగులో నవ్వాడు.
చక్కెర మాత్ర రాశాడు,
దాని కింద గీతగీసి చోళ్ళు అని రాశాడు.

నేను తూకం తెలిసినవాణ్ణి.
పక్కవారం గోడకి చిటికినవేలు ఆనించాను,
తాళాలగుత్తి బల్లమీద పెట్టాను,
ఊపిరి బిగబట్టాను.
అర కేజీ పోయింది!
ఇంటికొచ్చి చెప్తే కుంతలమ్మ
నా పొట్టవంక చూసి
పోయినది ఎటు పోయిందో అంది.

తెల్లారి దాలినాయుడూ నేనూ
స్టేషను ప్లాట్‌ఫారం మీద ఆ చివర్నుంచి ఈ చివరకి.
బండి కదిలేదాకా నాలుగు చుట్లు.
బయటకొస్తే బండిమీద ఘుగుని ఉడుకుతుంటుంది,
బరాలు నూనెలో బోర్లాపడి తేలుతుంటాయి.
"నాలుగు చుట్లకి రెండు బరాలు, చెల్లుకి చెల్లు"
దాలినాయుడి లెక్క ఎప్పుడూ తప్పదు.
తప్పేది నా ప్యాంటు హుక్కే.

ఇంట్లో అన్నం గరిటె మారింది.
పొద్దున్న అంబలి, మజ్జిగ, ఉల్లిపాయ.
మధ్యాహ్నం బీరకాయ మీద నాకు
పుట్టెడు ప్రేమ ఉన్నట్టు రోజూ అదే.
రాత్రి అందరూ పడుకున్నాక
నడవా తలుపు తీసుకుని కొట్లోకి పోతాను.
బెల్లం డబ్బా దగ్గరకి
చీమలకీ నాకూ ఒకటే దారి.
చీకట్లో ఎంత తిన్నానో
తూచనక్కర్లేని సరుకు అదొక్కటే.

సంతనాడు సొంబారి వచ్చింది,
కొండమీంచి చోళ్ళ మూట నెత్తిన పెట్టుకుని.
మా నాన్నకి వాళ్ళమ్మ తెచ్చేది.
మా నాన్న దగ్గర రెండు సేర్లు ఉండేవి,
కొనే సేరు, అమ్మే సేరు.
కొనే సేరుకి అడుగు లోతు.
వాళ్ళని "చోళ్ళు తినే జనం" అనేవాడు,
మా ఇంట్లో ఆ గింజ గడప దాటేది కాదు,
గోదాంలోంచి లారీ ఎక్కేది.

ఐదు కేజీలు ఇంటికి కావాలన్నాను.
"నువ్వు తినడానికా?"
మూట దించి నన్ను ఎగాదిగా చూసింది.
డాక్టరు తగ్గమన్నాడన్నాను.
ఆమె నవ్వలేదు.
"మా మనవణ్ణి అంగన్వాడీలో
గుడ్డ ఉయ్యాల్లో వేసి తూచారు.
ముల్లు కదలనేలేదు బాబూ.
పెరగాలంట. పొట్లాలిచ్చారు."
అంతే చెప్పింది.
కొంగుతో మెడ తుడుచుకుని
ఎండలోకి చూస్తూ నిలబడింది.

తక్కెడ ఎత్తాను.
నా చూపుడువేలు దానంతటది
పళ్ళెం కిందకి పోయింది, ఎప్పట్లాగే.
దాన్ని చూశాను.
చాలాసేపు కాదు, రాళ్ళు ఆడి ఆగేంతసేపు.
తీసేశాను.
ఐదుంబావు తూగింది.
పావు కేజీ డబ్బులు అదనంగా ఇస్తే
ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుంది,
నామీద అనుమానంతో.

పెద్ద మారిపోయానని కాదు.
ఆ సాయంత్రమే బరాలు తిన్నాను, మూడు.
మర్నాడు సిగ్గుపడ్డాను, ఆ మర్నాడు మరిచిపోయాను.
అయినా నెల తిరిగాక
చెప్పులిప్పి, తాళాలు జేబులోనే ఉంచి,
గోడకి దూరంగా నిలబడి ఎక్కాను.
తొంభై మూడున్నర.
పాణిగ్రాహి పెదవి విరిచాడు.
నాకు మాత్రం
అప్పు పద్దులో మొదటి జమలా కనిపించింది.

రాత్రి బెల్లం డబ్బాదాకా వెళ్ళి
మూత మీద చెయ్యి పెట్టి, వెనక్కొచ్చాను.
పక్కమీద వాలాక కడుపులో గుర్రుమంది.
ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు విని.
మూసేసిన కొట్టు తలుపుని
బయట్నుంచి ఎవరో
మెల్లగా తడుతున్నట్టుంది.