గురువారం గోళ్ళు

సండర్లాండ్‌లో డిసెంబరు నెల
మూడున్నరకే పొద్దు వాలిపోతుంది.
దీపాలు పెట్టాక గోళ్ళు తీయకూడదనేది మా నాయనమ్మ.
ఇక్కడి చర్చి హాల్లో ట్యూబులైట్లు వెలిగాకే
మొదటి పాదం వచ్చి నా ముందు కూర్చుంటుంది.

పుణ్యం కోసం చేరలేదు, అబద్ధమెందుకు.
వారమంతా ఫ్రిజ్ చప్పుడు తప్ప
ఇంకో గొంతు వినపడక చేరాను.
మారీన్ అనే ఆవిడ కత్తెర చేతికిచ్చి
టీ పోసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారమ్మా,
వంగేవాళ్ళే కావాలి, అంది.

వంగడం.
అదొక్కటే ఇక్కడ కరువు.
ఎనభై దాటిన నడుముకి
సొంత పాదం దూరపు చుట్టం,
బతికుందో లేదో కబురుండదు.

గోరువెచ్చటి నీళ్ళ బేసిను, తువ్వాలు, చేతి తొడుగులు.
షుగరున్న కాళ్ళు మేం ముట్టకూడదు, వాటికి వేరే క్లినిక్కు.
మిగతావన్నీ మావే.
బేకరీలో నలభై ఏళ్ళు నిలబడిన డొరీన్ మడమలు,
వాన కోసం చూసే రేగడి నేలలా.
పొట్టేలు కొమ్ములా మెలి తిరిగి
పక్క వేలిని పొడిచే బొటనగోరు.
ఊలు మేజోడు విప్పేదాకా
తన కాలికి ఆరో వేలుందని
ఎవరికీ చెప్పని ఒక పెద్దాయన.

మొదటి రెండు నెలలూ లెక్క రాసుకున్నాను.
ఇవాళ ఏడుగురు. ఇవాళ పదకొండు.
రాత్రి దేవుడి అర ముందు
ఏమీ అడగనట్టే నిలబడేదాన్ని,
జీతం రోజున కౌంటరు దగ్గర నిలబడినట్టు.

ఓడల యార్డులో వెల్డింగు చేసిన విల్ఫ్ హెడ్లీకి
నా చేతులు నచ్చలేదు.
మనమ్మాయి ఎవరూ లేరా అని
నా తల మీదుగా మారీన్‌ని అడిగాడు.
లేరంది.
అప్పు తీరుస్తున్నవాడిలా కాలు చాపాడు.

నాకొచ్చిన కోపం
మాటలోకి రాలేదు, కత్తెరలోకి దిగింది.
చిటికెన వేలి దగ్గర నెత్తురు చుక్క.
ఆయన కిక్కురుమనలేదు.
కిటికీలోంచి కార్లు నిలిపే చోటు చూస్తూ కూర్చున్నాడు,
నొప్పి తనకేం కొత్తా అన్నట్టు.
దూదితో ఒత్తిపట్టి
ఎంతసేపున్నానో తెలీదు.
ఆ రాత్రి దేవుడి అర వైపు వెళ్ళలేదు.
లెక్క పుస్తకం కూడా తెరవలేదు,
ఆ తర్వాత ఎక్కడ పడేశానో గుర్తులేదు.

వచ్చే గురువారం ఆయన వస్తాడనుకోలేదు.
వచ్చాడు.
నీళ్ళు ముందు నా ముంజేతి మీద పోసి చూసుకున్నాను,
పసివాడికి చూసినట్టు.

ఫిబ్రవరిలో ఓరోజు కుర్చీ జరుపుతుంటే
నా కాలు ఆయన బూటుకి తగిలింది.
చెయ్యి దానంతటదే వెళ్ళి
బూటుని తాకి నా కళ్ళకి చేరింది.
ఏంటది, అన్నాడు.
చెప్పాను. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం,
ఎదుటి మనిషిలో ఎవరున్నారో తెలీదు కదా.
నాలో గ్యాసు తప్ప ఎవరూ లేరు, అన్నాడు.
డొరీన్ టీ పొలమారేలా నవ్వింది.

ఆ నెలాఖరున
అరికాలు తుడుస్తుంటే చక్కిలిగింతై తన్నాడు.
భుజం మీద గట్టిగానే తగిలింది.
హాలంతా ఒక్క క్షణం చెంచాల చప్పుడు ఆగింది.
విల్ఫ్ మెల్లగా, కీళ్ళు ఒక్కొక్కటే ఒప్పుకుంటుంటే,
ముందుకి ఒరిగి
నా భుజాన్ని రెండు వేళ్ళతో తాకి
తన కళ్ళ వైపు తీసుకెళ్ళాడు.
కళ్ళజోడు అడ్డొచ్చింది.
అద్దం మీద వేలిముద్రలు పడ్డాయి.
తుడుచుకోలేదు.

ఇంకా మూడు వేళ్ళు మిగిలున్నాయి.
తీశాను.

అందరూ వెళ్ళాక నేల ఊడ్చాను.
చేటలో ఎన్ని నెలవంకలో, చూడలేదు.
బస్సుకి టైమైంది, బేసిను కడగాలి.
దీపం వెలుతురులో చర్మం తెగుతుందనేగా
నాయనమ్మా, నీ భయం.
తెగింది. చిటికెన వేలి దగ్గర.
మానడానికి రెండు వారాలు పట్టింది
ఆయనకి.