గాజుగుడ్డ సముద్రం

వాల్తేరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
నేను కట్టిన ఒకే ఒక్క వేషం
కెరటం.

మాటల్లేవు. మొహం కనపడదు.
కురుపాం మార్కెట్లో అప్పు మీద తెచ్చిన
ఇరవై రెండు గజాల నీలం గాజుగుడ్డ కింద
ఆరుగురం గుంటలం
మోకాళ్ల మీద కూచుని చేతులెత్తి ఊపడమే.
కూలి ముప్పై నయాపైసలు, రెండు అరటికాయ బజ్జీలు.

నాటకం ఐర్లండుది.
వందేళ్ల కిందట ఒకాయన తనే రాసుకుని, తనే ఆడుకున్నది.
ఇంజను డ్రైవరు డెలానీ దొర
ఊరొదిలి పోతూ సామానంతా అమ్మేస్తే
కొనేవాళ్లు లేక మిగిలిన పుస్తకం.
అట్ట చెదలు తినేసింది.
గూడ్సు ఆఫీసు తంపటాల భాస్కరం గారు
డ్యూటీ దిగాక, పాత వేబిల్లుల వెనకవైపు
పెన్సిలుతో తెలుగు చేశారు.

పొడుం పట్టుకుని చెప్పేవారు:
"ఆ మహానుభావుడికి ఓ నాటకంలో ఇల్లు తగలబడాలి,
ఇంకోదాంట్లో పడవ పేలిపోవాలి.
జనం బెంచీ అంచుకి జరక్కపోతే
ఆయనకి అన్నం సయించదు.
ఇంతా రాసి దొరబిడ్డ వేషం కట్టాడా? లేదు.
చిరుగు కోటు, జేబులో సీసా,
ఎవడూ గడప తొక్కనివ్వని తాగుబోతు.
అదీ తన వేషం.
ఆట ఆటకీ నా వాటా నాకు పడాల్సిందేనని
పోట్లాడేవాడట కూడా."

మేం వాటా పంపలేదు.
పంపుదామన్నా అడ్రసు లేదు.

ఆ రాత్రి టిక్కెట్లు తెగలేదు.
పెదజాలరిపేట వాళ్లని ఊరికే రానిచ్చారు.
సముద్రపు గుహ. చీకటి.
దొర నౌకరు ఆ పిల్లని నీళ్లలోకి తోసేశాడు.
పిల్లంటే పార్సిలు గుమాస్తా విస్సన్న.
పరుపు మీద పడి, మా గుడ్డ కిందకి దొర్లుకొచ్చి
సవరం సర్దుకుని బీడీ ముట్టించాడు.
సముద్రంలోంచి పొగ.

బెంచీల్లో ఒకటే నవ్వు.
"సముద్రం కాడ పుట్టిన గుంట
ఈత రాక సచ్చిపోద్దేటి? ఏటి నాటకమిది!"
"కెరటాలు ఎనక్కెల్తన్నాయిరా,
ఆటూ పోటూ తెల్దేటి ఈల్లకి!"
నిజమే.
భయంతో నేనే తప్పు ఊపుతున్నాను.

అప్పుడు తాగుబోతు దూకాడు.
ఫైర్‌మన్ అప్పన్న. నిజంగానే తాగున్నాడు.
గుడ్డ చీలికలోంచి ఓసారి మునిగాడు,
తేలాడు, మళ్లీ మునిగాడు.
పుస్తకం ప్రకారం మూడోసారికి దొరకాలి.

"అక్కడ కాదు."

ఆడగొంతు. అరుపు కాదు.
పక్కింటావిడకి ఉప్పెక్కడుందో చెప్పినట్టు.
"అక్కడ కాదు బావూ. ఇంకా కిందకెల్లు.
రాల్ల కాడ సూడు."

గనగళ్ల పోలమ్మ అని తర్వాత తెలిసింది.
అంతకు ముందేడు తుఫానుకి
డాల్ఫిన్ నోస్ అవతల ఆమె పెనిమిటి పడవ
బోర్లా దొరికింది.
పడవే దొరికింది.

మేం ఊపడం మర్చిపోయాం.
సముద్రం ఆగిపోయింది.
తెర పక్కనుంచి భాస్కరం గారు చేతుల్తో: ఊపండి, ఊపండి.
విస్సన్న బీడీ నలిపేశాడు.
అప్పన్న ఆమె వైపోసారి చూసి
పుస్తకంలో లేని నాలుగోసారి మునిగాడు.
ఐదోసారి.
అట్టరాళ్ల దాకా పాక్కుంటూ వచ్చి
చీకట్లో, విస్సన్న చెయ్యనుకుని,
నా కాలు పట్టుకున్నాడు.
ఇక వదల్లేదు.

రెండు చేతుల మీదా ఎత్తి వెలుగులోకి తెచ్చింది
కథానాయికని కాదు.
జారిపోతున్న నిక్కరుతో
పదేళ్ల కెరటాన్ని.

ఎవరూ నవ్వలేదు.

ఆమె బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చింది.
స్టేజీ అంచున కూచోబెట్టిన నా ముందు నిలబడి
చొక్కా కొస పట్టుకుని
రెండు గుప్పిళ్లతో గట్టిగా పిండింది.
చుక్క రాలలేదు.
మళ్లీ పిండింది.

మర్నాడు రిహార్సలుకి
భాస్కరం గారి వేబిల్లు మీద
మూడోసారి అన్న మాట కొట్టేసి ఉంది.
పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు:
రాళ్ల దగ్గర కూడా వెతకవలెను.