సెకనుకి వెయ్యిసార్లు

ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్పై ఒకటి.
బూట్లకి అంటుకొచ్చిన మంచు
నేలమాళిగ మెట్ల మీద కరిగి
మళ్లీ గడ్డకట్టింది.
లోపల ఇరవై రెండు కంప్యూటర్లు,
ఇరవై రెండు నీలపు ముఖాలు,
ఎవరో జేబులో తెచ్చుకున్న హూషూర్ నూనె వాసన.
రాత్రి కాపలా నాది.

పదిహేడో సీటు దొల్గూన్‌ది.
ఉన్ని తొడుగులకి వేళ్ల కొసలు కత్తిరించుకుని వస్తాడు.
చచ్చిన ప్రతిసారీ మౌస్‌ని వెల్లకిలా తిప్పి
పొట్ట చూస్తాడు
పశువుల డాక్టరులాగా.

"అన్నా, నేను కదిపాక కదులుతోందిది."
అందరికీ అంతేగా అన్నాను.
"కాదు. కదిపాక,
కొంచెం ఆగి."

ఆ కొంచెం నాకు తెలుసు.

కంప్యూటర్‌కి మౌస్ కనబడదు.
అడిగి తెలుసుకుంటుంది.
ఎక్కడున్నావ్?
ఇక్కడ.
ఎక్కడున్నావ్?
ఇంకాస్త ఇటు.
సెకనుకి నూట పాతికసార్లు అడుగుతుంది.
వినడానికి బోలెడు.
కానీ అడుగుకీ అడుగుకీ మధ్య ఎనిమిది మిల్లీసెకన్లు
ఆ మౌస్ ఎంత దూరం పరిగెత్తినా
చెప్పుకునే దిక్కు లేదు.
తలుపు చాటు నుంచి ఒకడు తొంగిచూసి, కాల్చి,
వెనక్కి తగ్గేది ఆ సందుల్లోనే.

నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్న పద్ధతిలో
పాత డ్రైవర్ తీసేసి, కొత్తది ఎక్కించి,
రెండుసార్లు రీస్టార్ట్ చేసి,
వెయ్యి అని పెట్టాను.
బొమ్మలు గీసే కిటికీ తెరిచి గబగబా సున్నా చుట్టమన్నాను.
ఇందాకటి సున్నాకి మూలలున్నాయి,
చేతకాని కంసాలి ఉంగరంలా.
ఇప్పటిది గుండ్రంగా వచ్చింది.
వాడు మాట్లాడలేదు.
ఇంకో సున్నా చుట్టాడు. ఇంకోటి.
అద్దెకి తీసుకున్న గంటలో పది నిమిషాలు
సున్నాలకే ఖర్చుపెట్టాడు.

ఆశకి అంతెక్కడ.
మర్నాడు పినతండ్రి కొడుకుని బతిమాలి తెచ్చిన కొత్త మౌస్,
ఎనిమిది వేలు అడిగించుకోగలదట.
పెట్టాం.
నా ముసలి ప్రాసెసర్‌కి చెవిలో జోరీగ దూరినట్టయింది.
తెర మీద మనిషి అడుగు తీసి అడుగు వేయలేక
మధ్యలో నిలబడిపోయాడు.
మౌస్ చెప్పే జవాబులు వినడంలోనే మునిగి
ఆట సంగతి మరిచిపోయింది యంత్రం.

నాకు నవ్వు రాలేదు.

ఓయున్‌గెరెల్ గోబీలో బొగ్గు లారీ తోలడానికి వెళ్లిన మొదటి శీతాకాలం
సిగ్నల్ దొరికిన ప్రతి స్తంభం దగ్గరా
ఆమె ఫోన్ మోగించేవాణ్ణి.
ఎక్కడున్నావ్?
లైన్లో.
ఎక్కడున్నావ్?
అదే లైన్లో, ఒక లారీ ముందుకి.
ఒక రాత్రి అంది:
"నీకు జవాబు చెబుతూ కూచుంటే
స్టీరింగ్ ఎవడు పట్టుకుంటాడు?"
కోపంగా కాదు. ఆవలిస్తూ.
అప్పట్నుంచి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి.
మిగతాదంతా
మూలలున్న సున్నా.
నేనే గుండ్రం చేసుకుంటాను.

సరే, ఆ సంగతి అలా ఉంచండి.
పాత మౌస్ మళ్లీ తగిలించాను. వెయ్యి.
దొల్గూన్ తొడుగులు విప్పి పక్కన పెట్టాడు.
మొదటి రౌండ్‌లోనే
మెట్ల కింద దాక్కున్నవాడి చేతిలో పోయాడు.
అలవాటుగా చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది.
తిప్పలేదు.
"ఈసారి తప్పు నాదే అన్నా"
అన్నాడు, జీతం పెరిగినవాడిలా.

తెల్లవారి ఆరింటికి కుర్చీలు సర్దుతూ
ఇరవై రెండు మౌస్‌లూ బోర్లించాను.
ఎర్ర దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.
ఎవరూ ముట్టుకోకపోయినా
అడగడం మానదట ఆ యంత్రం.
ఎక్కడున్నావ్? ఎక్కడున్నావ్?
కదలనిదానికి చెప్పడానికేముంది.

ఫోన్ తీశాను.
ఇంకా టైమ్ కాలేదు.
జేబులో పెట్టుకుని
మెట్ల మీది మంచు గీకడానికి పార వెతుక్కున్నాను.