దించిన సమ్మెట

నాపరాయికి తొందర లేదు.
ఈడ ఎప్పుడో సముద్రముండెనంట.
నిడుజువ్వి ఎండలో నిలబడి ఆ మాట నమ్మడం కష్టమే.
బురద మింద బురద పడి, పొర మింద పొర కూచోని
యాడ చీలాల్నో
అప్పుడే రాసి పెట్టుకున్నాది రాయి,
నేను పుట్టకముందు, ఉలి పుట్టకముందు.

అందుకే కొత్తోళ్లకు నేను చెప్పేది ఒకటే:
కొట్టే ముందర విను.
అరచేత్తో తట్టు. గంట మాదిరి పలికితే గట్టిది,
పగిలిన కుండ మాదిరి మోగితే లోపల గుల్ల.

ఆ దినం బుధవారం.
లెక్క రాసే మునేంద్ర
నలభై రెండు బండలకు ముప్పై ఆరు రాసినాడు.
మూడో వారం ఇట్ల.
అడిగితే నవ్వినాడు.
"మీ నాయన గూడ ఇంతే, ఏళ్లు మడిచి లెక్క పెట్టేటోడు" అన్నాడు.
మా నాయన
ఈ గని దుమ్మే దగ్గి దగ్గి పోయినాడు.

తర్వాత ఏమైందో నాకు తెలిసేలోపల
ఎనిమిది కేజీల సమ్మెట నా తలపైన ఉండాది.
మునేంద్ర చేతిలో పుస్తకం, పుస్తకంలో పెన్ను.
కోత మిషను ఒకటే అరుస్తాండాది.
పక్కీరప్ప నోట్లో బీడీ అట్లే ఆగిపోయింది.

దించినా.
పక్కన పెట్టినా, మెల్లగా, రాయికి దెబ్బ తగలకుండా.

సాయంత్రం టీ బంకు కాడ ఇమాంవలి సారు,
ముప్పై ఏండ్లు సైన్సు చెప్పినాయన, అంతా విని అన్నాడు:
"ఎత్తింది నువ్వు కాదు. దించిందీ నువ్వు కాదు."
రాత్రి పాపకు జొరం, నీకు నిద్ర లేదు, అందుకే కోపం.
పాపకు జొరం ఎందుకు? నీళ్లు.
నీళ్లెందుకట్ల? దానికొకటి, దాని ఎనక ఇంకొకటి.
గొలుసప్పా, కొక్కేనికి కొక్కెం.
"అదే కద సార్, నొసట రాత" అన్నాడు పక్కీరప్ప.
"రాసేటోడు లేడు. ఉండేది కారణమే" అని
గ్లాసు కింద పెట్టినాడు సారు.
ఇద్దరూ ఒకే మాట చెప్తాన్నట్లు అనిపించింది నాకు.
టీ డబ్బులు నేనే ఇచ్చినా. అది గూడ కారణమేనేమో.

ఆ రాత్రి మిద్దె మింద పండుకోని ఎనక్కి పోయినా,
కొక్కెం కొక్కెం పట్టుకోని.
తొమ్మిదేండ్లప్పుడు ఊరికే, సరదాకు,
రాయేసి మేకపిల్ల కాలు ఇరగ్గొట్టినా.
మా యమ్మ కొట్టలేదు, తిట్టలేదు.
ఆ ఎండాకాలమంతా దాన్ని భుజానెత్తుకోని
మేతకు మోసకపొమ్మనింది.
మోసినా.
దాని గుండె నా మెడకు తగిలి కొట్టుకునేది.

సమ్మెట ఎత్తినప్పుడు
ఆ భుజమే అది.

సారు చెప్పింది నిజమే. కారణం ఉండాది.
కానీ సార్, ఆ బరువు మీకు తెలీదు.
మునేంద్రకు తెలీదు. మా యమ్మకు గూడ తెలీదు,
మొయ్యమనింది అంతే.
మోసినోన్ని నేను.
మేకపిల్ల, మా నాయన దగ్గు, పాప జొరం,
ఇవన్నీ నాలోనించి తీసేస్తే
మిగిలేది స్వతంత్రుడా?
గాలికి కొట్టకపోయే ఖాళీ సిమెంటు సంచి.
దానికి యాడికైనా పోయే హక్కుంది, పొయ్యేది మాత్రం గాలి.

ఇంకొకటి గూడ తట్టింది, తట్టకుంటే బాగుండు.
అట్లైతే మునేంద్ర నవ్వుకు గూడ
వాడు మోసిన బరువేదో ఉంటాది.
అనుకునేసరికి కోపం సగం దిగింది.
సగం దిగలేదు.

తెల్లారి గనికి పోయినా.
ఒకే పొర, ఒకే గీత.
కొత్త పిల్లోడు కొడితే మూడు ముక్కలైంది,
నేను కొడితే నిండు బండ లేచింది.
గీత గీసింది నేను కాదు, ఒప్పుకుంటా.
లేపింది?

అరచెయ్యి రాయి మింద పెట్టి శానాసేపు విన్నా.
పక్కీరప్ప అరిచినాడు: "ఏంరా, నిద్రపోతివా?"

శనివారం కూలి రోజు.
ఆరు బండల లెక్క అడుగుతా.
చేతిలో ఏమీ పట్టుకోకుండా పోతా.
పోతాననే అనుకుంటాండా.