మాటకింత

కిసుములో రాత్రి పదకొండుకి కరెంటొచ్చింది.
అకోత్ ఉత్తరం మొదలుపెట్టింది:
అయ్యా, మీ సైటుకు వ్యాసాలు రాసిపెడతాను.
ఏ విషయమైనా సరే. వెయ్యి మాటలకు నాలుగు డాలర్లు.
(మూడున్నరైనా ఫరవాలేదు అని రాయబోయి
మానుకుంది. వాళ్లే అడుగుతారు.)

నమూనాకి ఏం పంపాలి?
మంచు గడ్డకట్టిన వాకిట్లో ఉప్పెలా చల్లాలో
పోయిన నెల రాసింది.
చదివినవాళ్లెవరూ ఇంకా జారిపడలేదు కాబోలు,
ఫిర్యాదు రాలేదు.
కుక్కలకి పళ్లు తోమడం మీద మూడున్నాయి.
విడాకులకు మంచి లాయరుని వెతుక్కోవడం మీద ఒకటి.
అది రాస్తూ మాత్రం
రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగింది.

అన్నిటి కిందా బ్రెండా అని ఎవరో ఒకావిడ
ఫొటోలో నవ్వుతుంటుంది,
ఇరవయ్యేళ్ల అనుభవంతో.

చెప్పుకోదగ్గది ఇంకొకటుంది గానీ
పంపడానికి రాసి లేదు:
సరస్సంతా గుర్రపుడెక్క కమ్మిన ఏడు
నాన్న పడవ ఒడ్డునే ఎండి నెర్రెలిచ్చిందీ,
ఆయన దాని పలకలు ఊడదీసి
ఈ బల్ల చేసిందీ.
ముసురు పట్టిన రోజున
కీబోర్డు కింద నుంచి ఇప్పటికీ చేపల వాసన.
దానికి మాటకింతని ఎవరూ రేటు కట్టలేదు.

ఇట్లు, మీ విధేయురాలు,
అన్నాక వేళ్లు వాటంతటవే
బ్రెండా అని కొట్టేశాయి.
చెరిపింది. అకోత్ అని కొట్టింది.
తప్పు మాటని
దాని కింద ఎర్రగీత పడింది.
ఉండనీలే అనుకుని
పంపేసింది.