పదో నంబరు

రాత్రి పదిన్నర.
లాలాగూడ క్వార్టర్ల కరెంటు పోయి వచ్చింది.
కాగితం మీద పది పేర్లు రాసిన,
పదో నంబరు ముందర పెన్సిలు ఆగింది.

ఏడేండ్లుగ ఆ జాగల ఒకటే పేరు.
అవద్ బిన్ సాలం, బార్కాస్.
ఇంటి తాళం తీసినట్టు
చూడకుండనే రాసేది చెయ్యి.

బంతి కాలికి రాకముందే తల ఎత్తేటోడు అవద్.
మైదానం మొత్తం ఒక్క చూపుల చదివి
ఎవ్వరు లేని జాగకు బంతిని పంపేటోడు,
మనిషి ఆడికి తర్వాత చేరేటోడు.
ఇప్పుడు బంతి వచ్చినంక తల ఎత్తుతున్నడు.
అరక్షణం.
ఆ అరక్షణంల మూడు మ్యాచులు పోయినయి.

మోకాలి కింద పట్టీ, బామ్ వాసన.
ఇప్పటికీ అందరికన్న ముందొస్తడు, వలలు తనే కడ్తడు.
"బాగనే ఉన్న సాబ్" అంటడు, నేను అడగకముందే.
అడగకముందే చెప్పే జవాబు
ఎన్ని రాత్రులు తయారైందో.

ఇగ ప్రభుదాసు. అడ్డగుట్ట పోరడు, పందొమ్మిదేండ్లు.
బంతి దొరికితే వదలడు,
దావత్‌ల చిన్నపిల్లగాడు లడ్డూ పట్టుకున్నట్టు.
ముగ్గుర్ని దాటుతడు, నాలుగోవాని చేతుల పెట్టి వస్తడు.
తప్పు చేసినంక నా దిక్కు చూస్తడు.
గదే నాకు భయం.

సెక్రటరీ ఫోన్ల అంటడు:
"ముసలెద్దును ఇంకెన్నాళ్లు కడ్తవ్ కాడికి?"
చాయ్ హోటల్ కాడ నలుగురు అంటరు:
"పోరన్ని ఇప్పుడే దించితే మాడిపోతడు."
ఆదివారం ఓడితే
వీళ్లల్ల ఎవని పేరూ ఓడదు.

నన్ను సుత ఒకాయన దించిండు.
పద్దెనిమిదేండ్లకు, వానల, బొల్లారం జట్టు మీద.
ఐదు గోల్స్ నా కాళ్ల సందులకెల్లే పోయినయి.
తర్వాత రెండేండ్లు బంతి వస్తుంటే
బాకీ అడగొచ్చినోని లెక్క కనవడేది.
దించినాయన మంచోడే.
తొందర ఆయనది, దెబ్బ నాది.

మరి ఎప్పుడు?
అన్నమైతే ఒక్క మెతుకు పట్టి చూస్తం.
మనిషిల మెతుకు ఏడున్నదని వెతకాలె?

ఇయ్యాల ప్రాక్టీసుల ఒకటి చూసిన, ఎవరికీ చెప్పలే.
ప్రభుదాసు పాస్ తప్పిండు.
నా దిక్కు చూడలే.
అవద్ దిక్కు చూసిండు.
పట్టీ చుట్టుకుంటున్న అవద్
గడ్డంతోటి చూపించిండు, ఎడమకు, ఆ ఖాళీ దిక్కు.
మల్ల బంతి వచ్చింది.
అది రాకముందే పోరని తల లేచింది.

పదకొండుకు ఫోన్ చేసిన.
"మాలూమ్ సాబ్" అన్నడు, నేను సలాం చెప్పకముందే.
వెనక టీవీ మోత, ఎవరో పిల్ల ఏడుపు.
"వాని పేరు రాయుండ్రి. గాని మొదటి పావుగంట
వాన్ని ఎడమ దిక్కు నిలవెట్టుండ్రి.
మన బెంచి అటే ఉంటది. నేను కనవడ్త."

పెట్టేసినంక చానసేపు ఫోన్ చేతులనే ఉన్నది.

పెన్సిలు చెక్కిన.
ప్రభుదాసు. 'భు' కాడ ముల్లు విరిగింది, మల్ల చెక్కిన.
రైటో తప్పో ఆదివారం పొద్దూకినంక తెలుస్తది,
లేకపోతే పదేండ్లకు, ఇంకోని కాగితం మీద.

గీత కొట్టి, కింద బెంచి అని రాసి
అవద్ బిన్ సాలం.
ఏడేండ్లల్ల మొదటిసారి
చెయ్యిని చూసుకుంట రాసిన.