తిరగేసిన పళ్ళెం

బర్స్‌లెమ్‌లో ఎవరింటికి భోజనానికి పిలిచినా
ముందు పళ్ళెం తిరగేసి అడుగు చూస్తారు.
అక్కడ అది మర్యాద తప్పడం కాదు.

శనివారం సంతలో కప్పు బోర్లించి
భూతద్దం పెట్టాడు క్లైవ్.
కిరీటం, దాని కింద ముడి, సగం అరిగిన అంకె.
"యుద్ధానికి ముందుది. నలభై పౌండ్లు."

అంచు పక్కన మూడు ఆకుపచ్చ చుక్కలు.
అతని పుస్తకంలో అవి లేవు.

ఈనిడ్ కోల్‌క్లఫ్ కళ్ళజోడు తీసేసి
బొటనవేలితో తడిమింది.
"హిల్డా చెయ్యి ఇది.
డజనుకింతని కూలి, లెక్కకోసం చుక్కలు.
పొద్దు వాలేసరికి మూడోది జారేది,
మణికట్టు సలుపుకి."

మూడోది జారే ఉంది.

క్లైవ్ ధర చీటీ ఊడదీసి
కాసేపు పెన్ను పట్టుకుని
మళ్ళీ నలభయ్యే రాశాడు.

కప్పుని
బోర్లాగానే వదిలి వెళ్ళిందామె.